నిర్ణయం మీది, సంతకం మాది: విమానయాన సంస్థల డైరెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్లకు, సీఈఓలకు,

నేను దేశంలోని ఒక విమానయాన సంస్థలో లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజినీరును. శంషాబాద్ విమానాశ్రయంలో పనిచేస్తాను. నా సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క సంస్థ గొడవ కాదు. వేరే కంపెనీలకు మారిన మిత్రులు, పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, ర్యాంపు మీద సామాను ఎక్కించే కుర్రాళ్లు, అందరి నోటా ఇదే మాట వింటున్నాను. మీరు అప్పుడప్పుడు ఉద్యోగుల సర్వేలు జరిపిస్తారు. యాజమాన్యం మీద మాకు నమ్మకం ఎంత ఉందో అందులో శాతాల్లో తేలుతుంది. ఎందుకు తగ్గిందో తేలదు. అది చెప్పడానికే ఈ లేఖ.

జీతాల బాధ ఉంది, కాదనను. 2022 జులైలో ఇండిగో టెక్నీషియన్లు హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ తక్కువ జీతాలకు నిరసనగా మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టిన సంగతి పత్రికల్లో వచ్చిందే. కానీ జీతం చాలకపోతే ఉద్యోగి ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. భద్రత విషయంలో పై వాళ్లు తనకు అండగా నిలబడరని తేలిపోతే వెతుక్కోవడానికి వేరే చోటు కూడా కనిపించదు. నేను రాస్తున్నది ఈ రెండో సంగతి గురించి.

విమానం కదలాలంటే టెక్ లాగ్‌లో, అంటే ఆ విమానం లోపాలు, మరమ్మతులు నమోదు చేసే పుస్తకంలో, ఇంజినీరు సంతకం పడాలి. ఆ సంతకంతో పాటు అతని లైసెన్సు నంబరు ఉంటుంది. పైలట్ అది చూసుకుని, తానూ సంతకం చేశాకే విమానాన్ని స్వీకరిస్తారు. రేపు ఏదైనా జరిగితే విచారణాధికారులు ముందుగా స్వాధీనం చేసుకునే వాటిలో ఆ పుస్తకం ఒకటి. ఆ షిఫ్టుకు ఎంతమంది చాలని తేల్చిన వారి పేరు ఆ పేజీలో ఉండదు. స్టోర్స్‌లో ఫలానా భాగం ఎందుకు నిల్వ లేదో చెప్పాల్సిన వారి పేరూ ఉండదు. ఖర్చు తగ్గించే నిర్ణయాలన్నీ మీ దగ్గర పుడతాయి. వాటి బరువంతా చివరికి ఈ రెండు సంతకాల మీద పడుతుంది. మా అపనమ్మకానికి మూలం ఇదే.

రాత్రి షిఫ్టు ఎలా నడుస్తుందో మీలో చాలామంది చూసి ఉండరు. ఆఖరి విమానాలు అర్ధరాత్రి దాటాక దిగుతాయి. తెల్లవారుజామున ఐదు, ఆరు మధ్య మళ్లీ బయల్దేరతాయి. మరమ్మతులన్నీ ఆ నడిమి గంటల్లోనే. ఇంజిన్ ఆపాక మాన్యువల్ చెప్పిన నిమిషాల్లోపే ఆయిల్ మట్టం చూడాలి, ఆలస్యమైతే కొలతను నమ్మలేం. బ్రేకులు ఎంత అరిగాయో చెప్పే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నప్పుడే అది నిజం చెబుతుంది. చక్రాల మధ్యకు వంగి, టార్చి వేసి, ఆ పిన్ను ఇంకా ఎంత బయటికి ఉందో చూడాలి. నాలుగు ప్రధాన చక్రాలకూ ఇలా చూడాలి. వాన పడుతున్నా చూడాలి, అవతలి స్టాండు మీద ఇంకో విమానం ఎదురుచూస్తున్నా చూడాలి. ఒక్కో విమానానికి ఇద్దరు ఉండాల్సిన చోట ఇద్దరు కలిసి మూడు విమానాలు చూసుకోవాల్సి వస్తే ఏమవుతుంది? ఎవరూ కావాలని ఏదీ వదిలేయరు. కానీ వంగి చూసే సమయం తగ్గుతుంది. ఆ తగ్గిన సమయం ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు, మీ దృష్టికి మాత్రం సిబ్బంది ఖర్చులో ఆదాగా వస్తుంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. 'స్నాగ్ (లోపం) ఏమిటి' అని ముందు అడగరు. 'ఎంతసేపు పడుతుంది' అని అడుగుతారు. విమానం ఆలస్యమైతే ఎవరి లెక్కలో రాయాలో తేల్చడానికి అంతర్జాతీయంగా వాడే కోడ్‌లు ఉన్నాయి. విమానంలో లోపం ఉంటే 41. విడిభాగం లేకనో, మెయింటెనెన్స్ పరికరం దొరకకనో ఆలస్యమైతే 44. స్టోర్స్‌లో భాగం లేక గంటసేపు ఎదురుచూసిన రాత్రి కూడా 41 వేయమని చెప్పిన సందర్భాలు నేను చూశాను. బయటి వారికి ఇది గుమాస్తా పనిలా అనిపించవచ్చు. కానీ 44 అని పడితే ఎవరో ఒకరు కొనుగోళ్ల విభాగాన్ని ప్రశ్నించాలి. 41 అని పడితే ప్రశ్న మా వైపే తిరుగుతుంది. నెలాఖరున మీ ముందుకు వచ్చే పట్టికలో విడిభాగాల కొరత అనేదే కనిపించదు. కొరత లేదని మీరు నిజంగానే నమ్ముతారు.

కొన్ని లోపాలతో కూడా విమానం నడపవచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. దానికి ఎంఈఎల్ అనే జాబితా ఉంది. బి కేటగిరీ లోపాన్ని మూడు రోజుల్లో, సి కేటగిరీని పది రోజుల్లో, డి కేటగిరీని 120 రోజుల్లో సరిచేయాలి. ఇది మంచి ఏర్పాటు. చిన్న లోపానికి విమానాన్ని ఆపేయనక్కర లేకుండా ఎంతో ఆలోచించి పెట్టిన గడువులు ఇవి. కానీ విడిభాగం తెప్పించుకునేందుకు ఇచ్చిన గడువును, విడిభాగం కొనకుండా నెట్టుకొచ్చేందుకు ఇచ్చిన గడువుగా మార్చేస్తే ఆ ఏర్పాటు అర్థమే మారిపోతుంది. పదో రోజు రాత్రి పక్క స్టాండు మీదున్న విమానం నుంచి ఆ భాగం ఊడదీసి దీనికి పెడతాం. మా భాషలో దీన్ని రాబరీ అంటారు. ఒక గుంట పూడ్చడానికి పక్కనే ఇంకో గుంట తవ్వడం ఇది. ఒక్కసారి బిగించాల్సిన భాగాన్ని రెండుసార్లు ఊడదీసి, రెండుసార్లు బిగించాలి. పని రెట్టింపు, పొరపాటుకు ఆస్కారం రెట్టింపు, సంతకాలు రెట్టింపు. మనుషులు మాత్రం అంతే.

అన్ని కొరతలూ మీ వల్లే వచ్చాయని అనడం లేదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల లోహపు పొడిలో లోపం బయటపడి 2023 నుంచి ప్రపంచమంతటా ఎన్నో విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఇంజిన్లు అందకే దివాలా తీశామని 2023 మేలో గో ఫస్ట్ విమానయాన సంస్థ చెప్పింది. ఇవి మీ చేతిలో లేనివి. మీ చేతిలో ఉన్నవీ ఉన్నాయి. 2022 జులైలో స్పైస్‌జెట్‌కు దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన షోకాజ్ నోటీసును ఒకసారి చదవండి. సరఫరాదారులకు సక్రమంగా డబ్బు చెల్లించకపోవడం వల్ల విడిభాగాల కొరత ఏర్పడిందని, ఎంఈఎల్‌ను తరచూ ఆశ్రయించాల్సి వచ్చిందని అందులో ఉంది. ఆ నెలాఖరులోనే ఆ సంస్థ సర్వీసులను ఎనిమిది వారాల పాటు సగానికి కుదించారు. నేను పైన చెప్పిన గొలుసు మొత్తం ఆ నోటీసులో ఉంది: డబ్బు, విడిభాగం, గడువు. అది బయటపడటానికి వరుసగా ఎన్నో సంఘటనలు జరగాల్సి వచ్చింది. అక్కడి ఇంజినీర్లకు, పైలట్లకు అంతకు ముందు తెలియదా? తప్పకుండా తెలిసే ఉంటుంది. తెలిసినవారి మాట పై వరకు చేరకపోవడమే అసలు జబ్బు.

పైలట్ల కథ నాకంటే వారే బాగా చెబుతారు. అయినా ఒక ఇంజినీరుగా నా పక్కన నిలబడి టెక్ లాగ్ చదివే మనిషి కళ్లు ఎలా ఉన్నాయో నాకు కనిపిస్తుంది. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో కెప్టెన్ దాదాపు గంటా నలభై నిమిషాలు నిద్రపోయారని కాక్‌పిట్ రికార్డరు చెప్పింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, 2024 జనవరిలో, డీజీసీఏ కొత్త విశ్రాంతి నియమాలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. ఉదయం ఐదు గంటల వరకే ఉన్న రాత్రి డ్యూటీ లెక్క ఆరు గంటల వరకు పెరిగింది. రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. 2024 జూన్ 1 నుంచి అమలు కావాల్సిన వీటిని మీరు అడిగారని పక్కన పెట్టారు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, కొన్ని 2025 జులై 1 నుంచి, మిగిలినవి నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దాదాపు రెండేళ్ల వ్యవధి దొరికింది.

ఆ రెండేళ్లలో ఎంతమంది పైలట్లను తీసుకోవాలో లెక్క వేయడం కష్టమేమీ కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. డిసెంబరు 3 నుంచి 5 వరకు మూడు రోజుల్లో ఇండిగో విమానాలు 2,507 రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. పెళ్లిళ్లకు, పరీక్షలకు, ఆసుపత్రులకు వెళ్లాల్సినవారు శంషాబాద్‌లో నేల మీద కూర్చుని ఉంటే, కౌంటరులో ఉన్న ఇరవై రెండేళ్ల అమ్మాయి వారి తిట్లన్నీ తిన్నది. ఆ రోస్టరు ఆమె వేసింది కాదు. విచారణ జరిపిన డీజీసీఏ ఏం తేల్చింది? సిబ్బందిని, విమానాలను గరిష్ఠంగా వాడుకోవడం మీదే దృష్టి పెట్టడం వల్ల రోస్టర్లలో వెసులుబాటు లేకుండా పోయిందని తేల్చింది. రూ.22.20 కోట్ల జరిమానా వేసింది. కానీ సంక్షోభం ముదిరిన రోజున అదే డీజీసీఏ మొదట చేసిన పని, రాత్రి డ్యూటీ నియమాల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇవ్వడం. వారపు విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కగట్టకూడదన్న నియమాన్ని అన్ని సంస్థలకూ ఎత్తేయడం. ప్రయాణికుల ఇబ్బంది తీర్చాల్సిందే, దానిలో వాదన లేదు. కానీ ఇది చూసిన ఉద్యోగికి అర్థమైంది ఒక్కటే. నియమం పాటించడానికి సిద్ధపడకుండా కూర్చుంటే చివరికి వెనక్కి తగ్గేది నియమమే.

కోజికోడ్ ప్రమాద నివేదికలో ఒక వాక్యం నన్ను ఇప్పటికీ వదలదు. 2020 ఆగస్టు 7న వానలో దిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 21 మంది చనిపోయారు. మొదటిసారి దిగే ప్రయత్నంలో కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది. పైలట్ నిర్ణీత పద్ధతి పాటించలేదని నివేదిక చెప్పింది, అది నిజమే. అక్కడితో ఆగలేదు. మర్నాటి ఉదయం కోజికోడ్ నుంచి ఇంకో విమానం నడపాల్సి ఉండటంతో ఎలాగైనా అక్కడే దిగాలన్న తాపత్రయం ఆయన్ను నడిపించిందని, అంతటి ఒత్తిడికి సంస్థ మానవ వనరుల విధానం కారణమని కూడా చెప్పింది. కోజికోడ్ కేంద్రంగా అప్పుడు 26 మంది ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) ఉన్నారు. కెప్టెన్ ఒక్కరే ఉన్నారు. ఆ లెక్క వేసింది ఒక ఆఫీసులో కూర్చున్న మనిషి. వాన, చీకటి, ఆగిపోయిన వైపర్ మధ్య ఆ లెక్కను మోసింది కాక్‌పిట్‌లో ఉన్న మనిషి.

ఇంజినీర్ల వైపు నుంచి నాకు గుర్తొచ్చేది అమెరికాలోని అలాస్కా ఎయిర్‌లైన్స్. 2000 జనవరి 31న ఆ సంస్థ ఎండీ-83 విమానం కాలిఫోర్నియా తీరాన సముద్రంలో కూలి 88 మంది చనిపోయారు. తోకలో ఉండే జాక్‌స్క్రూ అనే మరకు సరిగా గ్రీజు లేక అరిగిపోయింది. గ్రీజు పెట్టే విరామాన్ని సంస్థ పొడిగిస్తూ పోయి, 1996లో ఎనిమిది నెలలకు ఒకసారిగా మార్చింది. నియంత్రణ సంస్థ అనుమతితోనే చేసింది. అంటే అంతా కాగితం మీద సక్రమమే. 1997 సెప్టెంబరులో ఓక్లండ్ హ్యాంగర్‌లో ఒక మెకానిక్ ఆ మర అరుగుదల కొలిచి, సరిగ్గా గరిష్ఠ పరిమితి దగ్గర ఉందని, మార్చాలని రాశాడు. తర్వాతి షిఫ్టు వాళ్లు మళ్లీ కొలిచి, ఫరవాలేదని విమానాన్ని పంపించారు. ఈ రెండో కొలతకూ పరిమితికీ మధ్య తేడా అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు భాగాలు. ప్రమాదం జరిగిన కొద్ది వారాలకు సియాటెల్‌లో 64 మంది మెకానిక్‌లు సంతకాలు చేసి, మా మీద ఒత్తిడి తెచ్చారు, బెదిరించారు అని యాజమాన్యానికి లేఖ రాశారు. ఆ లేఖ గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. 88 మంది పోయాక కాదు, పోకముందు ఆ అరవై నాలుగు గొంతులు ఎవరికి వినిపించి ఉండాల్సింది? వారు చెప్పుకోగలిగే చోటు ఏదైనా ఉందా?

మీ సంస్థల్లో చెప్పుకునే చోటు ఉంది కదా అంటారు. సేఫ్టీ విభాగం ఉంది, రిపోర్టు ఫారం ఉంది, గోడ మీద పోస్టరు ఉంది. నిజమే. కానీ రిపోర్టు రాసినవాడి పేరు మరుసటి వారమే అతని సూపర్‌వైజరుకు తెలిసిపోతుంది. శిక్ష అని ఎవరూ అనరు. షిఫ్టు మారుతుంది. సెలవు దొరకదు. శిక్షణకు వెళ్లాల్సిన జాబితాలో పేరు కిందికి జారుతుంది. పైలట్ అలసటగా ఉందని రిపోర్టు చేస్తే అది ఆమోదించలేదంటూ ఒక్క లైను జవాబు వస్తుంది, కారణం ఉండదు. ఇదంతా చూసిన కొత్త కుర్రాడు నాలుగో నెల నుంచి నోరు మెదపడు. అప్పుడు రిపోర్టుల సంఖ్య తగ్గుతుంది. భద్రత మెరుగైందని మీకు ప్రజెంటేషన్ చూపిస్తారు.

2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ లీవు పెడితే సంస్థ మొదట 25 మందిని ఉద్యోగాల నుంచి తీసేసింది. లేబర్ కమిషనర్ దగ్గర చర్చలయ్యాక తిరిగి తీసుకుంది. వారి పద్ధతి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మామూలు దారిలో చెప్పిన మాట చేరుతుందన్న ఆశ ఉంటే మనుషులు అంత దూరం వెళ్లరు.

నియంత్రణ సంస్థ చూసుకుంటుందిలే అని మీరు చెప్పడం కూడా మాకు ఊరట కాదు. డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయని 2025 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది. శ్రీకాకుళం ఎంపీ, మన తెలుగువారైన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు పౌర విమానయాన మంత్రిగా ఉన్నారు. ఆ పోస్టులు నింపమని ఆయన్ను కూడా ఈ లేఖ ద్వారానే కోరుతున్నాను. కానీ తనిఖీకి వచ్చే అధికారి ఏడాదికి కొన్ని రోజులు వస్తారు. మీ నిర్ణయాలు ప్రతి రాత్రీ మా దగ్గరికి వస్తాయి.

కాబట్టి మీరు చేయగలిగినవి అడుగుతున్నాను. విడిభాగం లేక వాయిదా వేసిన ప్రతి లోపానికీ ఆ కారణాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేయించండి. దాన్ని సమయానికి తెప్పించలేకపోయిన విభాగాధిపతి పేరూ సంతకమూ పక్కన ఉండాలి. ఆ జాబితాను, రాబరీల లెక్కను ప్రతి నెలా మధ్యలో ఎవరూ దిద్దకుండా బోర్డు ముందు పెట్టించండి. అలసట రిపోర్టును తిరస్కరిస్తే కారణం రాసి, తిరస్కరించినవారి పేరు పెట్టాలి. షిఫ్టుకు కనీసం ఎంతమంది లైసెన్సున్న ఇంజినీర్లు ఉండాలో తేల్చి, అంతకు తగ్గిన రాత్రి విమానాల సంఖ్యను తగ్గించే అధికారం షిఫ్టు ఇన్‌చార్జికే ఇవ్వండి. మేనేజర్ల బోనస్‌లను సమయపాలన శాతాలకు మాత్రమే ముడిపెట్టడం ఆపండి. ఫోను చేసే మనిషి 'ఎంతసేపు' అని అడగడానికి కారణం ఆ బోనసే. అతన్ని నేను తప్పుపట్టను, అతని మీద కూడా ఒత్తిడి ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, సంస్థకూ నియంత్రణ సంస్థకూ బయట ఉండే రిపోర్టింగ్ వ్యవస్థ. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో టీడబ్ల్యూఏ అనే అమెరికా సంస్థ విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. కొన్ని వారాల ముందే ఇంకో సంస్థ పైలట్లు అదే చోట అదే పొరపాటుకు దగ్గరగా వెళ్లి, తప్పించుకుని, తమ సంస్థలో రిపోర్టు చేశారు. ఆ సంగతి టీడబ్ల్యూఏ వారికి చేరలేదు. ఆ అనుభవం నుంచి అమెరికా 1976లో ఒక వ్యవస్థ పెట్టింది. దాన్ని నడిపేది విమానయాన నియంత్రణ సంస్థ కాదు, నాసా. రిపోర్టును పరిశీలించాక రాసినవారి పేరు తొలగిస్తారు. బ్రిటన్ కూడా 1982లో ఇలాంటిదే మొదలుపెట్టింది. మన దగ్గర డీజీసీఏ నడిపే స్వచ్ఛంద రిపోర్టింగ్ ఉంది, కానీ శిక్షించే అధికారం ఉన్న చేతికే రిపోర్టు ఇవ్వమంటే ఎంతమంది ముందుకొస్తారు? మీరంతా కలిసి అడిగితే ఇలాంటి స్వతంత్ర వ్యవస్థను ఏర్పాటు చేయడానికి ప్రభుత్వం కాదనదు. విశ్రాంతి నియమాలను వాయిదా వేయించడానికి మీరంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. దీనికి కూడా నిలబడండి.

వీటికి డబ్బు ఖర్చవుతుంది, తెలుసు. టికెట్ ధర మీద పోటీ ఎంత తీవ్రమో, ఇంధనం ధర ఎంతో, జెట్ ఎయిర్‌వేస్, కింగ్‌ఫిషర్ ఎలా మూతపడ్డాయో మాకూ తెలుసు. సంస్థ మూతపడితే మొదట రోడ్డున పడేది మేమే. ఖర్చు తగ్గించవద్దని మేం ఎప్పుడూ అనలేదు. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే విమానం లోపలికి ప్రమాదం వస్తుందో తెలిసినవారిని అడిగి తగ్గించండి అంటున్నాం. ఆ తెలిసినవారు మీ జీతాల పట్టికలోనే ఉన్నారు.

మీ తర్వాతి బోర్డు సమావేశం అజెండాలో ఈ విషయాన్ని చేర్చండి. రాత్రి షిఫ్టులో పనిచేసే ఇద్దరు ఇంజినీర్లను, ఇద్దరు పైలట్లను, ఇద్దరు క్యాబిన్ సిబ్బందిని ఆ గదిలోకి పిలిచి, వారి మేనేజర్లు లేకుండా గంటసేపు వినండి. ఎవరిని పంపాలో ఉద్యోగులనే ఎన్నుకోనివ్వండి. అక్కడ వారు చెప్పినదాన్ని మినిట్స్‌లో రాయించి, కింద మీ సంతకాలు పెట్టండి.

ఇట్లు,
ఒక విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు,
హైదరాబాద్